పదిహేడో ఎక్కం

మార్చి 3, సోమవారం

అక్క ఒప్పుకుంది.

ఈ మాట రాయడానికే ఈ పుస్తకం తీశాను. నేను పనిచేసే బైండింగ్ షాపులో మిగిలిపోయిన కాగితాలతో నేనే కుట్టుకున్నాను, ఎవరికీ చూపించేది కాదు. ఎవరికైనా చెప్పాలని ఉంది, చెప్పడానికి అక్క తప్ప ఎవరూ లేరు, ఈ సంగతి అక్కకే చెప్పలేను.

పొద్దున పాలు కాస్తూ, నా వైపు తిరగకుండా, "ఆయనకి సరేనని చెప్పానే" అంది. ఆయనంటే బస్సాయన. దూరపు సర్వీసు నడుపుతాడు. భార్య పోయి చాలా కాలమైంది. అక్క బస్టాండులో టికెట్ల కౌంటర్లో కూర్చుంటుంది గనక అక్కడే చూపులు కలిశాయట. నలభై ఆరేళ్ళ అక్క, యాభై దాటిన ఆయన. చూపులు కలవడానికి ముందు ఇద్దరూ కళ్ళజోళ్ళు తుడుచుకుని ఉంటారు.

"మంచి పని చేశావు" అన్నాను. నిజంగానే అన్నాను. అమ్మ పోయినప్పటి నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా, నన్ను కనిపెట్టుకుని ఉండడమే దానికి రెండో ఉద్యోగం. దానికీ ఒక ఇల్లు ఉండాలి.

పెళ్ళి వచ్చే నెల పదమూడున. గుళ్ళో సంతకాలు పెట్టడమే, హంగామా ఏమీ లేదు. ఆ తరవాత అక్క ఆయన ఊరికి బదిలీ చేయించుకుంటుంది. ఇక్కడ నేనొక్కదాన్నే ఉంటాను.

"నువ్వు బాగుంటేనే వెళ్తాను" అంది. "చుట్టం చిన్నగా వచ్చినా పెద్దగా వచ్చినా నాకు చెప్పాలి. దాచావంటే చంపేస్తాను."

"దాని చేతిలో చావని దాన్ని నీ చేతిలో చస్తానా?" అన్నాను. ఇద్దరం నవ్వాం.

మా ఇంట్లో మూర్ఛ అనరు, ఫిట్స్ అనరు. చుట్టం అనేది అమ్మ పెట్టిన పేరు. చెప్పాపెట్టకుండా వస్తుంది, వచ్చాక మన ఇంట్లో మనల్నే ఉండనివ్వదు, వెళ్ళాక అంతా సర్దుకోవాలి. అది చివరిసారి వచ్చి మూడేళ్ళు దాటింది. మందు పనిచేస్తోంది. ఈ వాక్యం డాక్టరు అన్నదే, నేను కల్పించింది కాదు.

మార్చి 5, బుధవారం

ఇవాళ ఏమీ జరగలేదు.

ఏమీ జరగనప్పుడు రాయడం ఎందుకో నాకే తెలియదు. షాపులో ఫారాలు, పుస్తకానికి మడిచిన కాగితాల కట్టలు, కుడుతున్నాను. ఎక్కడో మాడుతున్న వాసన. తరవాత చూస్తే మేస్త్రి నా ముందు నిలబడి ఉన్నాడు. ఏదో అడుగుతున్నాడు గాని, అడిగినదాంట్లో మొదటి సగం నా దగ్గర లేదు.

"ఏమ్మా, వినపడుతోందా?"

"దారం తెగిందండీ" అన్నాను.

దారం తెగలేదు. నిద్ర చాలలేదు, అంతే. రాత్రి అక్కా నేనూ కబుర్లలో పడ్డాం. నిద్ర చాలకపోతే ఎవరికైనా ఇంతే.

మాడు వాసన వస్తోందా అని మాత్రం ఎవరినీ అడగలేదు. చిన్నప్పటి నుంచీ ఆ ప్రశ్న నాది. "ఏదో మాడుతోందే" అని నేనంటే అమ్మ ముందు పొయ్యి వైపు చూసేది. పొయ్యి మీద ఏమీ లేకపోతే చుట్టం వస్తోందని నా వైపు పరిగెత్తుకొచ్చేది. అడగకపోతే ఎవరూ పరిగెత్తరు. షాపులో కూడా అట్టలు అంటించే లై ఉడికించే స్టవ్వు ఒకటుంది. అది వెలుగుతోందో లేదో నేను చూడలేదు.

మార్చి 9, ఆదివారం

బస్సాయన భోజనానికి వచ్చాడు. అనుకున్నదాని కంటే ముందే వచ్చాడు, నేను స్నానంలో ఉన్నాను. పద్నాలుగో ఎక్కం సగంలో ఉన్నాను.

అమ్మ పెట్టిన రూలు ఇది. మా స్నానాల గదికి గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట చిల్లు, చిల్లులో కాగితం ఉండ. పోసుకున్నంత సేపూ గట్టిగా ఎక్కాలు చదవాలి, పన్నెండు నుంచి ఇరవై దాకా. మొదట్లో పాటలు పాడించేది. మనిషి తెలివిలో లేకపోయినా నోరు కూనిరాగం తీస్తూనే ఉంటుందని ఒకరోజు తెలిసింది, ఆ రోజు నుదుటికి పడిన మచ్చ ఇంకా ఉంది. ఎక్కంతో ఆ బాధ లేదు, మనిషి లోపల ఉంటేనే నడుస్తుంది. ఆగినా, తప్పు పోయినా బయట కుర్చీలో ఉన్నవాళ్ళు తలుపు తోస్తారు. అమ్మ తరవాత ఆ కుర్చీ అక్కది.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డాడు, హెడ్మాస్టరుని చూసినట్టు.

"నాకు పదిహేడో ఎక్కం ఎప్పటికీ రాలేదండీ" అన్నాడు. "ఆ ఎక్కానికి తిన్నన్ని దెబ్బలు దేనికీ తినలేదు. ఇప్పటికీ పదిహేడో నంబరు బస్సు ఇస్తానంటే వేరేది అడుగుతాను."

మంచివాడే. ముందు అనుకున్నంత కోపం రావడం లేదు. అక్క నా సంగతంతా ఆయనకి చెప్పేసింది. చెప్పేముందు నన్నడగలేదు గాని, పోనీలే.

"మా ఇంట్లో ఇంకో గది ఉందండీ. మీరూ వచ్చేయండి" అన్నాడు.

"కొత్త కాపురానికి పాత చుట్టమా?" అన్నాను. "పైగా నాకో చుట్టం ఉంది, తోడు వస్తుంది."

ఆయన నవ్వాడు, అక్క నవ్వలేదు. నేను వెళ్ళను. ఆ షాపులో కుట్టు నాది. ఈ ఊళ్ళో ఒక పని, ఒక బల్ల, ఒక సూది నావని చెప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇంతకు ముందు పనిచేసిన చోట నేను పడిపోతే ఎవరో మంచి మనసుతోనే నోట్లో చెంచా దూర్చారు. ముందు పన్ను విరిగింది, ఆ తరవాత ఉద్యోగం పోయింది. అందుకే ఇక్కడ మేస్త్రికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

బస్సాయనని సాగనంపి మెట్లెక్కుతుంటే కింది వాటా పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు, ఇప్పుడు మనుషుల్ని బాగుచేయాలని చూస్తాడు.

"ఏమ్మా, ఆదివారం కూడా మీ బాత్రూంలో బడి ఉందా? గాలి గొట్టంలోంచి మొత్తం నా చెవిలోనే పడుతుంది."

"నోరు తిరగడానికండీ" అన్నాను.

"తిరిగింది చాల్లే, కాస్త ఆపు" అన్నాడు.

మార్చి 12

ఏమీ జరగలేదు. కాఫీ కప్పు దానంతటదే పగిలింది.

మార్చి 14, శుక్రవారం

పదహారు ఆర్లు తొంభై ఆరు అన్నది గుర్తుంది. తరవాత గుర్తున్నది తలుపు, తలుపులో అక్క మొహం.

"ఏమే! ఏమే! పలకవేం?"

"సబ్బు కళ్ళలో పడింది" అన్నాను.

సబ్బు నా చేతిలోనే ఉంది. తడి కూడా కాలేదు. అక్క దాని వైపు చూసింది, నా కళ్ళ వైపు చూసింది. సాయంత్రం బస్సాయనతో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడింది. గోడకి చెవి ఆనించి విన్నాను, సిగ్గు లేకుండా. "ఒక రెండు నెలలు ఆగుదామా" అంటోంది. అవతల ఆయన ఏమన్నాడో తెలియదు. తరవాత అక్క చాలాసేపు ఉత్తినే ఫోను పట్టుకుని కూర్చుంది.

రెండు నెలలు రెండేళ్ళవుతాయి. నాకు తెలుసు, ఇంతకు ముందు ఒకసారి అయ్యాయి. అప్పుడు వచ్చినవాడు ఎదురు చూసి చూసి వేరే పెళ్ళి చేసుకున్నాడు. అక్క అప్పుడూ ఇలాగే ఫోను పట్టుకుని కూర్చుంది.

ఇది చుట్టం రావడం కాదు. చుట్టపు చూపుగా తొంగి చూసి వెళ్ళడం, అంతే. పెళ్ళి అయ్యేదాకా ఎలాగో నెట్టుకొస్తే, ఆ తరవాత డాక్టరు దగ్గరికి నేనే వెళ్తాను.

మార్చి 17, సోమవారం

దారి దొరికింది. ఇంత తెలివి చదువుకునే రోజుల్లో ఉంటే ఎక్కడో ఉండేదాన్ని.

ఇవాళ స్నానానికి ఫోను పట్టుకెళ్ళి కిటికీ అంచున పెట్టాను. పన్నెండు నుంచి ఇరవై దాకా ఒక్క తప్పు లేకుండా, ఎక్కడా ఆగకుండా చదివాను. అంతా రికార్డయింది. మధ్యలో అక్క తువ్వాలు గురించి ఏదో అడిగింది, చదువుతూనే తలూపాను. తలుపు ఇవతల తలూపితే అవతలికేం కనబడుతుంది!

రేపటి నుంచి ఎక్కాలు ఫోను చదువుతుంది. నేను ఆగినా అది ఆగదు.

మార్చి 18, మంగళవారం

ఫోను చదివింది. నేను స్టూలు మీద కూర్చుని నీళ్ళు పోసుకున్నాను. నా గొంతు అంత కీచుగా ఉంటుందని తెలియదు. పదమూడు, పద్నాలుగు హాయిగా గడిచాయి. పదిహేడో ఎక్కంలో, ఏడుల దగ్గర, ఫోనులోంచి అక్క పిలిచింది.

"ఏమే, తువ్వాలు పట్టుకెళ్ళావా?"

నిన్న అడిగింది అందులో పడింది! చెంబు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఇప్పుడు తలుపు తోస్తుంది, ఇప్పుడు తోస్తుంది. తోయలేదు. ఫోను ఎనిమిదులు, తొమ్మిదులు, పదులు చెప్పేసి పద్దెనిమిదిలోకి వెళ్ళిపోయింది.

వంటింట్లో ఉండి ఉంటుందనుకున్నాను. బయటికొస్తే కుర్చీలోనే ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఇవాళ బాగా చదివావు" అంది.

వినలేదు. విని ఉంటే తలుపు ఊడొచ్చేది. నాకు తెలియదా అక్క సంగతి! రేపటి నుంచి ఆ చోటికి వచ్చేసరికి కుళాయి పూర్తిగా తిప్పాలి.

మార్చి 22, శనివారం

మేస్త్రి పిలిచి కొత్త పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. తెరిస్తే ఒక ఫారం తలకిందులుగా కుట్టి ఉంది. ఆ పుస్తకం కుట్టింది నేనే. కుట్టినట్టు గుర్తు లేదు. తలకిందులుగా కూడా ఎంత నీటుగా కుట్టానో, ఒక్క కుట్టు వంకర లేదు.

"నువ్వేనా ఇది?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నిద్ర చాలడం లేదండీ. ఇంట్లో పెళ్ళి" అన్నాను.

"కటింగ్ అతను వారం రోజులు రాడట. కత్తి మిషను నువ్వు చూసుకుంటావేమో అనుకున్నాను" అన్నాడు. "సర్లే, నేనే చూసుకుంటాలే."

ఆ కత్తి కాగితాల దొంతర మీదికి దిగే చప్పుడు నా బల్ల దాకా వినిపిస్తుంది. ఇవాళ ప్రతి కోతకీ చేతులు ఒళ్ళోకి లాక్కున్నాను. ఎందుకో వేళ్ళు లెక్కపెట్టుకోవాలనిపించింది. లెక్కపెట్టుకున్నాను కూడా.

మార్చి 26

భయంగా ఉంది. కారణం ఏమీ లేదు.

మార్చి 28, శుక్రవారం

కారణం ఉంది, రాస్తాను. ఇన్నాళ్ళూ అక్క తలుపు తోస్తుందేమోనని భయపడ్డాను. ఇప్పుడు తోయదేమోనని భయంగా ఉంది. ఈ లోకంలో ఒక్క మనిషి నా గొంతు వింటూ కూర్చునేది, ఆ మనిషిని ఫోను ముందు కూర్చోబెట్టాను. లోపల నాకేమైనా అయితే ఫోను ఇరవై దాకా చదువుతుంది, అక్క కుర్చీలో కూర్చుని వింటుంది.

నిద్రలోనే పోయేవాళ్ళు కూడా ఉంటారని ఒకసారి డాక్టరు అక్కతో అన్నాడు. నేను విననట్టు నటించాను. అప్పటి నుంచీ పొద్దున కళ్ళు తెరవగానే ముందు చేతి వేళ్ళు కదిపి చూసుకుంటాను, తరవాతే లేస్తాను.

అక్క పెళ్ళికి లేత పసుపు చీర కొంది. కట్టుకుని చూపించింది. ఇంత అందంగా ఉంటుందని నాకు గుర్తే లేదు.

మార్చి 31, సోమవారం

ఇవాళ కుళాయి తిప్పడం మర్చిపోయాను. అక్క గొంతు ఫోనులోంచి స్పష్టంగా వినిపించింది, గోడకి తగిలి మరీ వినిపించింది. తువ్వాలు పట్టుకెళ్ళావా.

తలుపు కదల్లేదు.

ఏప్రిల్ 1

మళ్ళీ మర్చిపోయాను. మళ్ళీ కదల్లేదు.

ఏప్రిల్ 3

నాలుక తెగింది. మాట్లాడలేను. ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టుంది. అక్షరాలు కుదరడం లేదు. రేపు.

ఏప్రిల్ 4, శుక్రవారం

నాకు గుర్తున్నది మాడు వాసన, అంతే. అడగడానికి పక్కన ఎవరూ లేరు. మిగతాదంతా అక్క చెప్పింది, చెప్తూ చెప్తూ ఆగి మళ్ళీ చెప్పింది.

ఫోను ఇరవై పదులు రెండు వందలు అని ఆగిపోయిందట. కుళాయి మాత్రం పారుతూనే ఉంది. అక్క కాసేపు చూసింది. "ఏమే" అంది. ఇంకోసారి అంది. తలుపు తోస్తే రాలేదు. మా తలుపు లోపలికి తెరుచుకుంటుంది, నేను దానికి అడ్డంగా పడి ఉన్నాను. నన్ను గోడ వైపు జరపడానికి తలుపుతోనే నన్ను నెట్టాల్సి వచ్చింది. అందుకే ఈ భుజం మీద కమిలింది. లోపలికి వచ్చి పక్కకి తిప్పి, బకెట్టు అవతలికి తోసి, తల ఒళ్ళో పెట్టుకుంది. తూము మూసుకుపోయి నిలిచిన నీళ్ళు ఇంకో వేలెడు పెరిగి ఉంటే అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయలేదు.

ఇక తిడుతుందనుకున్నాను. ఫోను గురించి, మోసం గురించి. తిడితే పడదామని సిద్ధంగా ఉన్నాను.

"మొదటి రోజే విన్నానే" అంది.

నాకు అర్థం కాలేదు.

"నా గొంతు నాకు తెలీదా? నేను కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను, లోపల్నించి నేనే నిన్ను తువ్వాలు అడుగుతున్నాను. ఒళ్ళు జలదరించింది. లేచాను. తలుపు మీద చెయ్యి వేశాను. వేసి..." అక్క తన చేతి వైపు చూసుకుంది. "తోస్తే తెలిసిపోతుంది కదే. తెలిస్తే నేను వెళ్ళలేను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. బాగా చదివావన్నాను. రోజూ అలాగే కూర్చున్నాను. ఎక్కాలన్నీ అయిపోయి నువ్వు బయటికొస్తే, అమ్మయ్య, ఇవాళ్టికి గడిచింది అనుకునేదాన్ని. నేను ఎలాంటిదాన్నే?"

ఏడ్చింది. అమ్మ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. నేను తెగిన నాలుకతో ఏమీ అనలేకపోయాను. అది నా అదృష్టం, నాలుక బాగుంటే ఏమనేదాన్నో.

ఏప్రిల్ 5, శనివారం

కోపంగా ఉంది. మోసం చేసింది నేను, మొదలుపెట్టింది నేను, అయినా కోపం నాకే. రెండు వారాలు నా చావు తలుపవతల పెట్టుకుని కూర్చుంది!

డాక్టరు దగ్గర కూడా పక్కపక్కన కూర్చుని ఒకరితో ఒకరం మాట్లాడలేదు. డాక్టరు నా లెక్కంతా విన్నాడు. కప్పు, ఫారం, సబ్బు, అన్నీ చెప్పాను.

"మూడేళ్ళు రాలేదంటే ఇక రాదని కాదమ్మా. మందు మార్చాలి, మారుస్తాను. కానీ మీరు చెప్పకపోతే దేన్ని చూసి మార్చను? మీకు మందు ఎంత అవసరమో, తెలిసిన మనుషులు అంతే అవసరం. మీరు ఎంతమందికి చెప్పారు?"

"ఒక్కరికి" అన్నాను. అక్క వైపు చూడకుండా అన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

బస్సాయన వచ్చాడు. పెళ్ళి వద్దనుకుంటున్నానని అక్క ఆయనకి చెప్పింది, నా ఎదురుగానే. ఆయన చాలాసేపు తన తాళంచెవులతో ఆడుకున్నాడు.

"మీరెలా అంటే అలాగే" అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో చూశాను. అక్క కిటికీ వైపు తిరిగింది. దాని వీపు చూస్తుంటే నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ వీపు నాకు తెలుసు. ఒకసారి ఇలాగే చూశాను, మొదటివాడు వెళ్ళిపోయినప్పుడు. ఏ మనిషైనా ఎన్నాళ్ళని కుర్చీలో కూర్చుంటుంది?

"పదమూడో తారీకే" అన్నాను. నాలుక మంటగా ఉంది, మాట ముద్దముద్దగా వచ్చింది. "నువ్వు వెళ్తున్నావు."

"ఎవరు వింటారే నిన్ను?"

"నువ్వు ఇక్కడ కూర్చుని మాత్రం విన్నావా?"

అనకూడని మాటే. అక్క మొహం తెల్లబోయింది. అయినా ఆ మాట అన్నాకే ఇద్దరం కలిసి ఏడ్చాం, బస్సాయన లేచి వంటింట్లోకి వెళ్ళి, ఏది ఎక్కడుందో తెలియక గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ మాకు టీ పెట్టాడు. పంచదార బదులు ఉప్పు వేశాడు. తాగేశాం.

ఏప్రిల్ 7, సోమవారం

మేస్త్రికి చెప్పాను. బల్ల అంచు పట్టుకుని చెప్పాను.

ఆయన నా బల్ల వైపు, కత్తి మిషను వైపు, మళ్ళీ నా వైపు చూశాడు. "ముందే చెప్పి ఉంటే పన్లోకి తీసుకునేవాణ్ణి కాదమ్మా. అబద్ధమెందుకు" అన్నాడు. "ఇప్పుడు నీ కుట్టు చూశాక పొమ్మనలేను. ఆ మిషను ఛాయలకి మాత్రం వెళ్ళకు. పడితే ఏం చెయ్యాలో చెప్పు."

చెప్పాను. నోట్లో ఏమీ పెట్టొద్దు అని మూడుసార్లు చెప్పాను. విరిగిన పన్ను చూపించాను.

ఏప్రిల్ 9, బుధవారం

కింది వాటా దాకా రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. మేస్త్రికి చెప్పడం ఇంత కష్టంగా లేదు. షాపులో తెలిస్తే షాపులోనే ఉంటుంది, ఇంటి దగ్గర తెలిస్తే ఇంటికే వచ్చేస్తుంది. మెట్ల మీద ఎదురయ్యేవాళ్ళు పక్కకి తప్పుకోవడం నేనెరుగుదును.

మూడోసారి తలుపు కొట్టాను. పెద్దాయన గోడలకి ఇంకా గడియారాలే, ఏ రెండూ ఒక టైము చూపించవు. నిలబడే చెప్పాను. మొత్తం విన్నాడు.

"అయితే నోరు తిరగడానికి కాదన్నమాట."

"కాదండీ."

"మరి మధ్యలో రోజూ ఒకటే చదువు చదివావేం? పదిహేడో ఎక్కంలో ఎవరో తువ్వాలు అడిగేవాళ్ళు. ఈ పిల్ల రోజూ తువ్వాలు మర్చిపోతుందా అనుకున్నాను."

నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఇంటి తాళంచెవి ఇంకోటి ఆయన బల్ల మీద పెట్టాను. ఎక్కం ఆగితే పైకి రావాలని, పక్కకి తిప్పాలని, అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సుకి ఫోను చేయాలని చెప్పాను.

"టైము చూడ్డానికి గడియారాలకి కొదవ లేదు" అన్నాడు. తాళంచెవి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మోకాళ్ళు బాగాలేవమ్మా. మెట్లెక్కడం ఆలస్యమవుతుంది. అంతసేపు నువ్వు ఓపిక పట్టాలి మరి."

"పడతానండీ" అన్నాను. పట్టగలనో లేదో నా చేతిలో లేదని ఇద్దరికీ తెలుసు.

ఏప్రిల్ 12, శనివారం

రేపు పెళ్ళనగా పెళ్ళికొడుకు వడ్రంగిని వెంటబెట్టుకొచ్చాడు. స్నానాల గది తలుపు ఊడదీయించి, బయటికి తెరుచుకునేలా బిగించారు. ఆయనే పదిసార్లు తెరిచి మూసి చూశాడు.

"థాంక్స్, బావా" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఎవరినో పిలిచాననుకుని.

ఏప్రిల్ 13

పెళ్ళయింది. లేత పసుపు. అక్క సంతకం కింద సాక్షి సంతకం నాది.

ఏప్రిల్ 20, ఆదివారం

అక్కని బస్సెక్కించాను. బావ స్టీరింగు దగ్గర, అక్క ఆయన వెనక సీట్లో. కిటికీలోంచి నా చెయ్యి వదలదు.

"స్నానం ఎప్పుడు చేస్తావు? ఫోను చెయ్యి. ముందు చెయ్యి, తరవాత చెయ్యి."

"మధ్యలో కూడా చెయ్యమంటావా?"

"చంపేస్తాను" అంది. బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఇంటికొచ్చి కుర్చీ చూశాను. తీసి లోపల పెడదామనుకున్నాను. పెట్టలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

చేతులింకా తడిగానే ఉన్నాయి. ముందిది రాయాలి.

పొద్దున కళ్ళు తెరిచాను, వేళ్ళు కదిపాను, కదిలాయి. అక్కకి ఫోను చేసి "వెళ్తున్నా" అన్నాను. ఫోను హాల్లోనే వదిలేశాను. తలుపు దగ్గరికి వేశాను. స్టూలు మీద కూర్చుని, పైన గాలి గొట్టం వైపు చూస్తూ మొదలుపెట్టాను. పన్నెండు ఒకట్ల పన్నెండు. అవతల ఎవరైనా వింటున్నారో లేదో తెలియదు. పద్నాలుగు దాటింది, పదహారు దాటింది. పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏడులు నూట పంతొమ్మిది.

మాడు వాసన.

చెంబు వదిలేశాను. కింద కూర్చుండిపోయాను, పడేముందే కూర్చుంటే తక్కువ దెబ్బ. గోడ పట్టుకున్నాను. వచ్చేస్తోంది, మొదటి రోజే వచ్చేస్తోంది, కుర్చీ ఖాళీ, అక్క లేదు, అక్క లేదు. ఆయన మోకాళ్ళు, ఆ మెట్లు. నోరు తెరిస్తే ఎక్కం రావడం లేదు. నాకు నేను ఉన్నానా అని చూసుకుంటున్నాను. ఉన్నట్టే ఉంది. ఎంతసేపు ఉంటానో తెలియదు.

"ఏమ్మా" అని గొట్టంలోంచి వినిపించింది. "ఆగావేం?"

అమ్మ పోయాక అక్కని తప్ప ఎవరినీ అడగని ప్రశ్న. అడిగితే తెలిసిపోతుంది. తెలిస్తే ఏమవుతుందోనని ఇన్నేళ్ళు నోరు మూసుకున్న ప్రశ్న. గొట్టం వైపు మొహం ఎత్తి అరిచాను.

"పెద్దయ్యగారూ, మీకేమైనా మాడు వాసన వస్తోందా?"

నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్న చప్పుడు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, గిన్నె ఏదో ధణేల్‌మని సింకులో పడేసిన చప్పుడు.

"వస్తోంది" అన్నాడు. "నా పాలే. పొయ్యి మీద పెట్టి నీ ఎక్కాలు వింటూ కూర్చున్నాను, అడుగంటాయి. వెధవ ఎక్కాలు! ఊఁ, కానీ. పదిహేడు ఎనిమిదులూ?"

గోడ వదిలి, స్టూలు మీదికి లేచి కూర్చుని, చెంబు తీసుకున్నాను.

"నూట ముప్పై ఆరు" అన్నాను.